పటంలో వాడ, గోడమీద ఊరు

చేరియాల బొమ్మల్ని 'తెలంగాణ పల్లె గుర్తింపు' అని మెచ్చుకోవడం మామూలైపోయింది. మాకు ఆ బొమ్మల మీద పేచీ లేదు, నకాషీల పనితనం మీద అసలే లేదు. పేచీ అంతా 'పల్లె' అన్న మాటతోనే. ఏ పల్లె? ఊరా, వాడా?

ఒకప్పటి వరంగల్ జిల్లా నుంచి 2016లో సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన చేరియాలలో నకాషీలు గీసిన పటాలు మొదట గోడకు తగిలించుకునేవి కావు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి రంగు మీద కథను వరసగా గీసేవాళ్లు. వెడల్పు 3 అడుగులైతే పొడవు 30 అడుగులు దాటేది. గీయించుకునేది ఆశ్రిత కులాలవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. పటం విప్పితే ఒక కులం తన పుట్టుకను తానే చూసుకునేది.

జాంబపురాణం ఏం చెబుతుంది? భూమి కంటే ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడంటుంది. నాలుగు వర్ణాల్లో చోటే దక్కని మనిషి, ఊరి బయట ఉంచబడ్డ మనిషి, 'ఈ ఊరికన్నా నేనే ముందు' అంటున్నడన్నమాట. ఇది భక్తి కాదు, వాదం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలై, పేరు పక్కన మాదిగ అని చేర్చుకున్నప్పుడు మాకు వినబడింది ఈ పాత వాదమే.

అయితే ఆ పటాన్ని మోసుకొచ్చిన డక్కలి మాటేంది? మాదిగకు పెద్దరికం చదివి వినిపించినవాణ్ణి మాదిగలే అంటరానివాడిగా చూశారు. బొమ్మల్లో గెలిచిన వాదం వాడలోనే ఓడిపోయింది. జాంబపురాణాన్ని సొంతం చేసుకునే ఏ ఉద్యమమైనా ముందు దీనికి జవాబు చెప్పాలి.

కథలు చెప్పించుకునేవాళ్లు తగ్గాక నకాషీలు బతకడానికి చిన్న బొమ్మలు గీస్తున్నారు. నాట్లు, బోనాలు, బతుకమ్మ, తాళ్లెక్కే గౌడ. అందులో తప్పేం లేదు. కానీ ఆ పల్లెలో నాటేసేవాళ్లకు కూలి ఎంతో, పొలం ఎవరిదో తెలియదు. డప్పు కనబడుతుంది, డప్పు కొట్టినోడి ఇల్లు ఎక్కడుందో కనబడదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరి మీది ఇలాంటి మురిపాన్నే తిప్పికొట్టాడు. పొడుగు పటంలో కులం పేరు పెట్టి మాట్లాడింది, ముక్కచేసి ఫ్రేములో బిగించాక మూగదైంది. కొనేవాళ్లకు కావలసిందీ ఆ మూగ పల్లెనే.

కాబట్టి పటాన్ని కాపాడటం అంటే గుడ్డను, రంగును కాపాడటం ఒక్కటే కాదు. మ్యూజియం చీటీ మీద కొలతలు, రంగులు రాస్తే చాలదు. ఏ కులం కోసం గీసింది, ఎవరు చెప్పేవాళ్లు, ఏ కథ అన్నదీ రాయాలి. మన విద్యార్థులు డక్కలి గుడిసెలకు పోయి కథంతా రికార్డు చేయాలి, చెప్పినవాళ్లకు డబ్బులిచ్చి, పేరడిగి, వాళ్ల పేరుతోనే అచ్చేయాలి. అక్కడ చాప మీద కలిసి కూర్చుని తింటేనే ఆ పని మొదలైనట్టు.