ఇసుక మీద రెండు కాళ్లు

మన తుపాకి, ఒమానీల తుఫగ్ ఒక తల్లి పిల్లలే. తుర్కీలో తుఫెక్ అన్న మాట ఒక దారిన గల్ఫ్ తీరానికి చేరింది, ఇంకో దారిన దక్కనుకు వచ్చి మన నోట్లో తుపాకి అయింది. ఒమాన్‌లో పాతకాలపు పొడవాటి గొట్టం తుపాకిని అబూ ఫతీలా అంటారు. ఫతీలా అంటే ఒత్తి. మందుకు నిప్పంటించే ఆ ఒత్తినే మన పెద్దలు జామగి అనేవారు. పేర్లు ఎలాగున్నా పని ఒకటే: ఒక చివర నిప్పు రాజుకుంటున్న తాడును మీట నొక్కి పళ్లెంలోని మందు మీదికి దించడం. ముందు పళ్లెంలో మందు భగ్గుమంటుంది, ఆ నిప్పు సన్నని రంధ్రంలోంచి లోపలికి పాకుతుంది, ఆ తర్వాతే గుండు బయలుదేరుతుంది.

ఆ కాస్త ఆలస్యమే అసలు చిక్కు. మీట నొక్కాక కూడా గురి కదలకూడదు. కళ్ల ముందే మంట లేస్తుంటే రెప్ప వేయకుండా, భుజం ఉలిక్కిపడకుండా బరువైన గొట్టాన్ని ఉన్నచోటే ఉంచాలి. ఒట్టి చేతులతో అది అందరివల్లా అయ్యే పని కాదు. అందుకే గొట్టం కింద ఊత పెట్టడమనేది తుపాకితో పాటే పుట్టిన ఆలోచన. ఐరోపా సిపాయిలు పదహారు, పదిహేడు శతాబ్దాల్లో మన పంగలకర్రలాంటి ఊతకర్రను నేలకు గుచ్చి, దాని పంగలో తుపాకిని ఆనించి కాల్చేవారు. టిబెట్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. తుపాకి కొయ్యకే రెండు కాళ్లు బిగించి, వాటి కొసలకు చిరు అనే జింక కొమ్ములు తొడిగారు. అక్కర లేనప్పుడు కాళ్లను ముందుకు మడిచేవారు. ఈరోజు దుకాణాల్లో మెరిసిపోయే బైపాడ్‌కు అది ముత్తాత.

ఒమాన్ ఎడారి సంచారులైన బదూలు అలాంటి కాళ్లను మోసుకు తిరగలేదు. రాయి ఉంటే రాయి, కూలబడిన ఒంటె ఉంటే దాని జీను, ఏమీ లేకపోతే ఎత్తిన మోకాలు. ఊత వెంట రాదు, వెళ్లిన చోటే వెతుక్కోవాలి. నేలను చదవడం వచ్చినవాడికి అదేం లోటు కాదు. బైపాడ్ కొనబోయేవాళ్లు మరిచిపోయే సంగతి కూడా ఇదే. వాళ్లు తుపాకిని చూసి కాళ్లు కొంటారు. కొనాల్సింది నేలను చూసి.

ఆ నేలకు తుపాకులు కొత్త కాదు. 1890ల నుంచి మస్కట్ రేవు ఆయుధాల అంగడిగా మారింది. ఐరోపా నుంచి ఓడల్లో దిగిన రైఫిళ్లు అక్కడి నుంచి మక్రాన్ తీరం దాటి అఫ్గాన్ కొండలకు చేరేవి. తమ సరిహద్దులో తమ మీదికే పేలుతున్న తూటాలతో విసిగిన బ్రిటిష్‌వాళ్లు సముద్రం మీద కాపలా పెట్టారు, సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ మీద ఒత్తిడి తెచ్చారు. 1912లో ఆయుధాలన్నీ ఒకే గిడ్డంగి గుండా పోవాలని ఆయన కట్టడి చేశాడు. అప్పటికే ఒమాన్ లోపలి తెగల చేతుల్లో రైఫిళ్లు ఉన్నాయి. మూడేళ్లు తిరక్కుండానే, 1915 జనవరిలో, సుల్తాన్‌కు ఎదురు నిలిచిన ఇమాము పక్షాన సుమారు మూడు వేల మంది మస్కట్ పక్కనున్న బైత్ అల్ ఫలజ్ కోట మీదికి వచ్చారు. అడ్డుకున్నది భారతీయ సిపాయిలు. వాళ్లలో 95వ రస్సెల్స్ ఇన్‌ఫాంట్రీ వాళ్లూ ఉన్నారు. ఆ దళం పుట్టిల్లు మన హైదరాబాదే. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు హెన్రీ రస్సెల్ 1813లో కూర్చిన రస్సెల్ బ్రిగేడు దాని మూలం. ఇప్పుడా కోట ఒమాన్ సైనిక మ్యూజియం. హైదరాబాదులో పుట్టిన దళమొకటి ఆ కోటను కాచిందని అక్కడికి వెళ్లే తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఇక కాళ్ల సంగతి.

ఇప్పుడు దూరపు గురికి వాడే రైఫిల్‌ను ఎక్కువగా పడుకునే కాలుస్తారు. ముందు బైపాడ్, వెనక తుపాకి మడమ కింద చిన్న ఇసుక సంచి. ఎడమ చేతికి తుపాకి మోసే పని ఉండదు. ఆ చెయ్యి సంచిని కొద్దిగా నొక్కితే మడమ లేచి గొట్టం కిందికి చూస్తుంది, వదిలితే పైకి. పడుకుని కాల్చడానికి 6 నుంచి 9 అంగుళాల కాళ్లు చాలామందికి సరిపోతాయి. తూటాల పెట్టె కిందికి బాగా వేలాడే రైఫిల్ అయినా, మెడ వంచలేని మనిషి అయినా 9 నుంచి 13 అంగుళాలవి తీసుకోవచ్చు. కూర్చుని కాల్చడానికి ఇంకా పొడవైనవి ఉన్నాయి. అన్నిటికీ పనికొస్తాయని మొదటే పొడవు కాళ్లు కొనేవాళ్లను చూస్తే నాకు ముచ్చట వేయదు. కాలు పొడుగైన కొద్దీ ఊగు పెరుగుతుంది. ఛాతీ నేలకు ఎంత దగ్గరగా ఉంటే గురి అంత నిలుస్తుంది.

ఎత్తు కుదిరింది సరే, కాళ్ల కింద ఏముంది? ఒమాన్‌లో ఒక్క రోజు ప్రయాణంలోనే నాలుగు రకాల నేల తగులుతుంది. హజర్ కొండల్లో గట్టి బండ. దాని మీద ఇనుప మేకులున్న పాదాలు జారతాయి, రబ్బరు పాదాలు పట్టుకుంటాయి. జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో పలుగురాళ్ల గరప నేల; అక్కడ రబ్బరు దొర్లిపోతుంది, మేకు దిగుతుంది. సబ్‌ఖా అనే ఉప్పు పర్రలో పైన పెళుసు పెంకు, కింద బురద. సన్నని పాదం పెడితే పెంకు పగిలి ఒక కాలు లోపలికి పోతుంది. వహీబా ఇసుక తిన్నెల మీద మేకూ రబ్బరూ రెండూ దండగే. అక్కడ కావాల్సింది వెడల్పైన, పడవ అడుగులాంటి పాదం. ఎఫ్-క్లాస్ పోటీల్లో కొందరు కాళ్లకు స్కీ బద్దలు తొడుగుతారు, అచ్చం అలాంటివి. గోదావరి లంకల్లో ఇసుక మీద నడిచినవాళ్లకు, రాయలసీమ గుండ్ల మీద ఎక్కినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పు మార్చాలని కాలికే తెలుస్తుంది. కాబట్టి పాదాలు విప్పి మార్చుకునే వీలున్న బైపాడ్ అయితే ధర కాస్త ఎక్కువైనా నష్టం లేదు.

ఎఫ్-క్లాస్ అన్నాను కదా. జార్జ్ ఫార్క్వర్సన్ అనే కెనడా గురికాడు వయసు మీదపడి పాత పద్ధతిలో పట్టీతో, మోచేతులతో కాల్చడం కష్టమైనప్పుడు ఊతతో, దూరదర్శినితో కాల్చే పోటీ కావాలని పట్టుబట్టాడు. ఆయన ఇంటిపేరులోని ఎఫ్ అక్షరమే దానికి పేరైంది. అందులో బైపాడ్ వాడే తరగతిలో రెండే తూటాలు, .223, .308. రైఫిల్, బైపాడ్, దూరదర్శిని అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు. అంటే కాళ్ల బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఒలింపిక్ గురి దీనికి పూర్తిగా వేరే లోకం. 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ నిలబడి ఎయిర్ రైఫిల్ కాల్చాడు. ఆయన దిగిన ఇంకో పోటీ 50 మీటర్ల ప్రోన్‌లో పడుకోవచ్చు గానీ, ఊత మోచేతులూ పట్టీనే, కాల్చేటప్పుడు బైపాడ్‌కు తావు లేదు. ఊత తీసుకోవడం తక్కువతనమేమీ కాదు. అక్కడ పరీక్ష ఎముకలకు, ఇక్కడ గాలిని చదివే కంటికి.

ఒక చిన్న లెక్క చెబుతాను. .308 తూటాతో వెయ్యి మీటర్ల దూరం కొట్టాలంటే గొట్టాన్ని గురికన్నా దాదాపు 12 మీటర్లు పైకి ఎత్తి పెట్టినట్టు లెక్క, తూటా అంత జారుతుంది కనుక. ఇప్పుడు రైఫిల్ ఒక్క డిగ్రీ కుడికి ఒరిగిందనుకోండి. ఆ పన్నెండు మీటర్ల ఎత్తు నిట్టనిలువుగా కాకుండా కొంచెం పక్కకు వాలుతుంది, గుండు సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు, కుడికి పోతుంది. వంద మీటర్ల దగ్గర ఈ తప్పు కంటికే ఆనదు. అందుకే గతుకు నేల మీద ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి చేయక తప్పనప్పుడు పైభాగం కొద్దిగా ఒరిగి మళ్లీ బిగుసుకునే బైపాడే కావాలి. అమెరికాలో హారిస్ కంపెనీవాళ్ల పాత నమూనాల్లో కదలనివీ ఉన్నాయి, ఒరిగేవీ ఉన్నాయి, రెండోదే తీసుకోండి. దూరదర్శిని మీద చిన్న నీటి మట్టం పెట్టుకోండి. మేస్త్రీ గోడకు పెట్టేది పెద్దది, ఇది దాని పిల్ల.

బిగించే చోటు కూడా ముఖ్యమే. బైపాడ్ కొయ్యకు బిగించాలి, గొట్టానికి కాదు. ఈ కాలపు రైఫిల్లో గొట్టం దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. దానికి ఏ బరువు తగిలినా అది అదిరే తీరు మారి, తూటా దారి మారుతుంది. కాళ్లు ఎంత ముందుకు ఉంటే అంత నిలకడ, ఎంత వెనక్కి ఉంటే గొట్టాన్ని అంత తేలిగ్గా అటూ ఇటూ తిప్పవచ్చు. కాగితం మీద గురి కొట్టేవాడికి ముందుకే మంచిది.

కాల్చేటప్పటి మెలకువ ఇంకోటి ఉంది. శరీరాన్ని రైఫిల్ వెనక తిన్నగా పెట్టి, భుజంతో దాన్ని కొద్దిగా ముందుకు నెట్టాలి, కాళ్ల కీళ్లలో ఉన్న వదులంతా పోయేదాకా. వదులు మిగిలితే దెబ్బ వెనక్కి తన్నినప్పుడు కాళ్లు గంతేస్తాయి, మరుసటి దెబ్బకు మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. అయితే ఎంత నెట్టాలి? ఇదివరకు నెట్టినంతే. బలం ఎక్కువా తక్కువా అన్నది కాదు, ప్రతిసారీ ఒకేలా ఉండడం ముఖ్యం. గచ్చు మీద నెడితే పాదాలు జారి గురి దెబ్బతింటుంది, అక్కడ ఒక గోనె పరచాలి. ఇసుకలో ఎక్కువ నెడితే కాళ్లు నాగలిలా దున్నుకుంటూ పోతాయి.

ఒమాన్ ఎండ ఈ సామానుకు పెట్టే పరీక్ష అంతా ఇంతా కాదు. 2018 జూన్‌లో కురయ్యాత్ అనే తీరపు ఊళ్లో ఒక రోజంతా, అర్ధరాత్రితో సహా, వేడి 42.6 డిగ్రీల కన్నా దిగలేదు. ఎండలో వదిలిన లోహపు కాలు చెయ్యి కాలుస్తుంది. అంతకన్నా పెద్ద శత్రువు ఇసుక. ఒకదానిలోకి ఒకటి దూరే కాళ్లలో, బయట కనిపించే స్ప్రింగుల్లో సన్నని రవ్వ చేరి కిర్రుమంటుంది. కిర్రుమనగానే నూనె పోయడం మన అలవాటు. ఎడారిలో అది పొరపాటు, నూనె ఇసుకను పిలిచి కూర్చోబెడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కుంచెతో దులపడమే వైద్యం. ఎండాకాలం గురి దాకా నేల మీద వేడి గాలి తెర ఆడుతుంది, గురి దానిలో ఈదుతుంది. కానీ ఆ తెరే గాలి ఎటు పోతోందో చెప్పే సాక్షి కూడా. వహీబా బదూలకు ఆ ఎండమావిని చదవడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

ఒక నల్లటి జ్ఞాపకం ఈ నేలకు ఉంది. 1972లో జిద్దత్ అల్ హరాసీస్‌లో వేటగాళ్లు చివరి అడవి ఒరిక్స్‌లను చంపేశారు. తెల్లగా, పొడవాటి కొమ్ములతో ఉండే ఆ జింక ప్రపంచంలో అడవి మృగంగా లేకుండా పోయింది. 1982లో జూలలో పెరిగినవాటిని యలూని దగ్గర తిరిగి వదిలారు, హరాసీస్ తెగవాళ్లే కాపలాదారులయ్యారు. 1994లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1996 నాటికి 450 దాకా పెరిగిన మందను దొంగవేట మళ్లీ తినేసింది. 65 మిగిలాయి. ప్రభుత్వం అభయారణ్యాన్ని పదో వంతుకు కుదించాక 2007లో యునెస్కో ఆ గుర్తింపు తీసేసింది. ఆ జాబితా నుంచి తీసేసిన మొదటి స్థలం అదే. దూరపు గురి అంటే నాకు ముచ్చటే, కానీ దాని చివర ఉండాల్సింది కాగితమో ఇనుప పలకో. తుపాకికి లైసెన్సు, కాల్చడానికి అనుమతి ఉన్న రేంజ్ అన్నవి మనకైనా, అక్కడైనా తప్పని మాటలు.

విల్ఫ్రెడ్ థెసిజర్ 1940ల్లో బదూలతో కలిసి ఎడారి దాటినప్పుడు వాళ్లు ఇసుక మీది ఒంటె అడుగు చూసి అది ఎవరిదో, ఏ తెగ మనిషి ఎక్కాడో చెప్పేవారని రాశాడు. బైపాడ్ కూడా అడుగులు వేస్తుంది. దెబ్బ కొట్టాక తలెత్తి గురివైపు చూసే ముందు కాళ్ల కింద చూడండి. తన్నుకు వెనక్కి జరిగిన పాదాలు ఇసుకలో రెండు గీతలు గీసి ఉంటాయి. రెండూ ఒకే పొడవు, ఒకే లోతు ఉంటే మీరు తిన్నగా పడుకున్నారు. ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉంటే రైఫిల్ ఒరిగింది. రెండూ ఒక పక్కకు వంకరపోతే మీ భుజం వంకర. మీ తూటా ఎక్కడ పడి ఉంటుందో వాటిని బట్టే చెప్పవచ్చు. ఆ తర్వాత దూరదర్శిని ఎత్తి, సరిగ్గా చెప్పారో లేదో చూసుకోండి.