కాలి వంపు తీస్తే కీలు నిలుస్తుంది

మోకాళ్లలో గుజ్జు అరిగిందనగానే మన ఇళ్లలో మాట నేరుగా కీలు మార్పిడి దగ్గరికే వెళ్తుంది. డెబ్బై దాటినవారికి చాలాసార్లు అదే సరైన దారి. కానీ నలభై అయిదేళ్లకే మెట్లు దిగలేకపోతున్న మనిషికి, రోజూ పొలం గట్ల మీద నడవక తప్పని మనిషికి ఇంకో దారి ఉంది. కీలును అలాగే ఉంచి, దాని కింది ఎముకను కోసి, కాలి వంపును సరిచేస్తారు. దీని పేరు హై టిబియల్ ఆస్టియాటమీ.

మనం నిలబడినప్పుడు తుంటి కీలు నుంచి చీలమండ దాకా గీసిన గీత వెంట ఒంటి బరువు దిగుతుంది. తిన్నని కాళ్లలో కూడా మోకాలి లోపలి సగమే ఎక్కువ బరువు మోస్తుంది. దొడ్డికాళ్లయితే ఆ గీత మరింత లోపలికి జరుగుతుంది. అక్కడి మృదులాస్థి అరుగుతుంది, అరిగినకొద్దీ వంపు పెరుగుతుంది, వంపు పెరిగినకొద్దీ అరుగుదల ఇంకా ముదురుతుంది. మందులు నొప్పిని తగ్గించగలవు గానీ ఈ గీతను జరపలేవు.

ఇంగ్లండ్‌లో జాక్సన్ 1958లో ఈ చికిత్స గురించి రాశారు. 1965లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు మార్క్ కావెంట్రీ దీనికి ఒక స్థిరమైన పద్ధతి ఇచ్చారు. బయటివైపు నుంచి ముక్కోణపు ఎముక ముక్కను తీసేసి, ఆ ఖాళీని మూసేస్తారు. ఇప్పుడు ఎక్కువగా చేసేది దీనికి తిరగవేసిన పద్ధతి. లోపలివైపు నుంచి కోసి, బయటి అంచున సుమారు సెంటీమీటరు ఎముకను తలుపు బందులా మిగిల్చి, కోతను మెల్లమెల్లగా తెరుస్తారు. కావలసిన కోణం రాగానే ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఆ ఖాళీ కొన్ని నెలల్లో కొత్త ఎముకతో పూడుకుంటుంది.

పనితనమంతా కోణంలోనే ఉంది. బరువు గీత మోకాలి లోపలి అంచు నుంచి సుమారు 62 శాతం దూరంలో పడాలన్నది 1979లో జపాన్ వైద్యుడు ఫుజిసావా పరిశీలనల నుంచి వచ్చిన లెక్క. తక్కువ తిప్పితే నొప్పి తిరిగి వస్తుంది. ఎక్కువ తిప్పితే బయటి సగం నలుగుతుంది.

ఫలితాల్లోనూ అదే కనిపిస్తుంది. కావెంట్రీ బృందం 1993లో 87 మోకాళ్ల లెక్క ప్రచురించింది. చెప్పుకోదగ్గ నొప్పి మళ్లీ రాకుండా, కృత్రిమ కీలు అవసరం పడకుండా అయిదేళ్లకు 87 శాతం, పదేళ్లకు 66 శాతం నిలిచాయి. కోణం చాలక, ఒంటి బరువు కూడా బాగా ఎక్కువైనవారిలో ఆ అంకెలు 38కి, 19కి పడిపోయాయి. జపాన్‌లో అకిజుకి బృందం 2008లో చూపిన ఫలితాల్లో పదేళ్లకు 97.6 శాతం, పదిహేనేళ్లకు 90.4 శాతం మోకాళ్లు నిలిచాయి. ఒకే చికిత్సకు ఇంత తేడా రావడంలో ఎవరికి చేశారు, కోణం ఎంత సరిగా కుదిరింది అన్నవాటికి పెద్ద పాత్ర ఉంది.

అరుగుదల లోపలి సగానికే పరిమితమై, మోకాలు బాగా వంగుతూ, చురుకుగా తిరిగే నడివయసువారికి ఇది నప్పుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి పనికిరాదు. పొగతాగితే ఎముక అతకడం ఆలస్యమవుతుంది. ఇన్ఫెక్షన్, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, మిగిల్చిన ఎముక అంచు విరగడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. కోలుకోవడానికి ఓపిక కావాలి.

ఆ ఓపికకు తగిన ప్రతిఫలం ఉంది. సొంత కీలు మిగులుతుంది. కింద కూర్చుని లేచే జీవితాలకు అది చిన్న విషయం కాదు. తర్వాత ఎప్పుడైనా కీలు మార్పిడి అవసరమైతే ఆ దారీ తెరిచే ఉంటుంది, కాకపోతే ఆ ఆపరేషన్ కొంత కష్టం కావచ్చు. అందుకే నడివయసులో మార్పిడికి ఒప్పుకునే ముందు, నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తానికి ఎక్స్‌రే తీయించండి. వంపు ఎన్ని డిగ్రీలు, బయటి సగం ఎలా ఉంది, ఎముకను సరిచేస్తే సరిపోతుందా అని వైద్యుణ్ని అడగండి.