నల్లటి తెర, మిరియాల రాజు

1988 ఫిబ్రవరి 10. జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్ 3' క్యాసెట్ కొనుక్కుని ఇంటికి ఉరికిన పిల్లలకి టీవీలో ముందుగా కనిపించింది నల్లటి తెర, దాని మీద ఆట పేరు. అంతే. బొమ్మ లేదు, పాట లేదు. మొదటి రోజే 10 లక్షలకు పైగా అమ్ముడుపోయి, వందల మంది పిల్లల చేత బడి ఎగ్గొట్టించిన ఆట తలుపు అంత బోసిగా ఉంది. ఆ క్యాసెట్ చిప్‌లో ఉన్న చోటు 256 కిలోబైట్లు. మన ఇంటి గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే పూలగుత్తి ఫొటో ఒక్కటి చాలు, అంత చోటు తినేస్తుంది. ఆ క్యాసెట్‌లో ఒక ప్రపంచం, దాని కింద ఇంకో ప్రపంచం, పగలూ రాత్రీ, వంద రకాలు దాటిన రాక్షసులు, ఊళ్ళు, కోటలు, ఓడ, పక్షి అన్నీ ఇరికించాక పేరు వెనక బొమ్మ వేయడానికి చోటు మిగల్లేదు.

ఈ ఆటని స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఆర్ట్‌డింక్ అనే స్టూడియోతో కలిసి మళ్ళీ కట్టి 2024 నవంబర్ 14న విడుదల చేసింది. నేను ఎక్కువభాగం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులోనే ఆడాను, చేతిలో పట్టే స్విచ్ అనే ఆట యంత్రం మీద. కిటికీ పక్క సీటు దొరికితే లింగంపేట వచ్చేలోపు ఒక గుహ అయిపోయేది.

మా చిన్నప్పుడు ఇలాంటి ఆటలు మా దాకా రాలేదు. మాకు తెలిసినవి టీవీ గేముతో వచ్చే 'వెయ్యి ఆటల' పసుపు క్యాసెట్లు. తెరిచి చూస్తే అందులో ఆరేడు ఆటలే, పేర్లు మార్చి వెయ్యి చేశారు. కాంట్రా, మారియో, ట్యాంకులు. డ్రాగన్ క్వెస్ట్ లాంటివి రాకపోవడానికి భాష ఒక్కటే అడ్డు కాదు. వాటిని ఒక్క విడతలో ముగించలేం, ఆపిన చోటు గుర్తుండాలి. ఈ వరసలో మూడో ఆట కోసమే క్యాసెట్ లోపల చిన్న బ్యాటరీ పెట్టారు. మా క్యాసెట్లలో బ్యాటరీ ఎక్కడిది? కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచే. కాబట్టి నాకు ఈ ఆట పాత జ్ఞాపకం కాదు. మళ్ళీ కట్టిన ఇంటిని పాతింటి పటం పక్కన పెట్టుకుని చూసే పనివాడి కుతూహలం, అంతే.

ఆ చూపుతో చూస్తే ఇందులో అసలు పనితనం ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. పాత ఆటలో లేనివి రెండు రకాలు. చోటు చాలక వదిలేసినవి కొన్ని. వదిలేయడమే అందమని వదిలేసినవి కొన్ని. ఇప్పుడు చోటుకి కొదవ లేదు. ఏ ఖాళీ నింపాలి, ఏ ఖాళీ జోలికి పోకూడదు?

నింపాల్సిన ఖాళీకి మంచి ఉదాహరణ ఒర్టేగా. కథానాయకుడి తండ్రి, పేరుమోసిన వీరుడు, కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే దుష్టుడు బరామోస్ మీదికి వెళ్ళి తిరిగి రానివాడు. ఆట చివర్లో ఆయన కనబడతాడు. కానీ 1988 ఆటలో ఆయనకంటూ ఒక రూపం లేదు! చోటు లేక, కండర్ అనే దొంగకి వేసిన బొమ్మనే ఆయనకీ వాడేశారు. ముఖానికి ముసుగు, ఒంటి మీద చిన్న లాగు. ఇరవై, ముప్పై గంటలు ఆడి, తండ్రి చావుని చూసే ఘట్టంలో మనకి ఎదురయ్యేది ఆ ముసుగుదొంగ రూపం. జపాన్‌లో దీని మీద జోకులు ఇప్పటికీ ఆగలేదు. 1996లో సూపర్ ఫామికామ్ అనే తర్వాతి యంత్రం మీద వచ్చిన మొదటి పునర్నిర్మాణం ఆయనకి సొంత ముఖం ఇచ్చింది. ఈ కొత్త ఆట ఇంకో అడుగు వేసి ఆయన ప్రయాణాన్ని ముక్కలు ముక్కలుగా మధ్యమధ్య చూపిస్తుంది. ముఖం ఇవ్వడం న్యాయం. ప్రయాణం చూపించడం దగ్గర నాకు పేచీ ఉంది, తర్వాత చెప్తాను.

ముందు వెలుగు సంగతి. కొత్త ఆటలో బొమ్మలు వేసిన పద్ధతిని హెచ్‌డి-2డి అంటారు. 2018లో 'ఆక్టోపాత్ ట్రావెలర్' ఆటతో వచ్చింది. మనుషులు పాతకాలపు చుక్కల బొమ్మలే, వాళ్ళు నిలబడ్డ నేల, గోడ, నీళ్ళు మాత్రం లోతు ఉన్న త్రీడీ. తెర పైభాగం, కింది భాగం కాస్త మసకబారి, నడుమ మాత్రం తేటగా ఉంటుంది. ఎగ్జిబిషన్‌లో గాజుపెట్టెలో పెట్టిన ఊరి నమూనాని వంగి చూస్తున్నట్టు అనిపిస్తుంది. పాత యంత్రంలో మనిషి బొమ్మ అంటే అడ్డంగా 16 చుక్కలు, నిలువుగా 16 చుక్కలు. ఒక్కో ముక్కకి మూడే రంగులు. వెలుగన్నది లేదు. రాత్రి పడిందంటే రంగులు ముదిరేవి, అంతే. ఇక్కడ పొద్దు గూకుతుంటే ఊరి గోడల మీద నీడ మెల్లగా సాగుతుంది, కిటికీల్లోంచి పసుపు వెలుతురు వీధిలో పడుతుంది. పాత ఆట 'రాత్రి' అని చెప్పి ఊరుకునేది. ఈ ఆటలో రాత్రి మీద పడుతుంది. ఊరవతల పొలంగట్టు మీద నిలబడి దీపాలు చూసిన ప్రతివాడికీ ఆ తేడా తెలుసు.

అయితే ఇంత వెలుగూ పోసిన పనివాళ్ళు బొమ్మలోని చుక్కల్ని నున్నగా చెరిపేయలేదు. ముఖం ఇప్పటికీ కొన్ని చుక్కలే. కళ్ళు ఎటు చూస్తున్నాయో మనమే ఊహించుకోవాలి. కథానాయకుడు మాట్లాడడు. వెంట వచ్చే ముగ్గురికీ సొంత కథ లేదు. సత్రం లాంటి చోటికి వెళ్ళి, పేరూ వృత్తీ మనమే ఇచ్చి తెచ్చుకోవాలి. నేను మా మేనమామ పేరుతో ఒక యోధుణ్ణి, మా చిన్నత్త పేరుతో ఒక పూజారిణిని తెచ్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లోనే అనుకోండి. చిన్నత్త మంత్రం వేసి మామ గాయాలు మాన్పుతుంటే బస్సులో నవ్వుకునేవాణ్ణి. మాటలు రాయించి, ఏడిపించి, నవ్వించి, ఒక్కొక్కరికీ గతం అంటగట్టే డబ్బు ఈ సంస్థకి లేదా? ఉంది. గొంతులు ఎంచుకునే వీలు ఇచ్చి అక్కడితో చేయి వెనక్కి తీసుకున్నారు. యుజి హోరీ 1988లో వదిలిన ఖాళీ అది, ఆడేవాడి ఇల్లు పట్టేంత ఖాళీ.

హోరీ కథ రాశాడు, అకిరా తోరియామా రూపాలు గీశాడు, కోయిచి సుగియామా పాటలు కట్టాడు. స్లైమ్ అనే మొదటి రాక్షసి ముచ్చట అందరికీ తెలిసిందే. హోరీ ఏదో జావ కుప్ప గీసి ఇస్తే తోరియామా దాన్ని నీటిబొట్టుగా మార్చి నవ్వు పెట్టాడు. యుద్ధం మొదలవగానే ఆ గీతని ఎలా కాపాడారో చూడాలి. ఏం చేయాలో మనం ఎంచుకునేటప్పుడు మన మనుషుల వీపులు కనిపిస్తాయి. దెబ్బ పడే క్షణంలో వీపులు తప్పుకుని రాక్షసి నేరుగా మన కళ్ళల్లోకి చూస్తుంది. పాత ఆటలో ఎప్పుడూ ఆ చూపే. రెండు కాలాల చూపుల్ని ఒక్క కదలికలో కుట్టేశారు, కుట్టు కనబడదు. ఈ పునర్నిర్మాణాన్ని 2021 మేలో ప్రకటించారు. సుగియామా ఆ ఏడు సెప్టెంబర్‌లో, తోరియామా 2024 మార్చిలో పోయారు. పూర్తయిన పని ఇద్దరూ చూడలేదు.

సుగియామా పాటల దగ్గర ఒక పనివాడి కిటుకు ఉంది. పాత ఆట నడిచిన ఫామికామ్ యంత్రం చిప్‌లో రాగం పలికించడానికి పనికొచ్చేవి మూడు గొంతులే. కాబట్టి ఆయన ఒకదాన్నొకటి తరుముకునే మూడు వరసలుగా కట్టాడు. ఒక్క స్వరం కూడా బద్ధకంగా కూర్చోదు. ఇప్పుడు అదే పాట ఆర్కెస్ట్రా వాయిస్తుంటే వయొలిన్లు, కొమ్ములు వచ్చి చేరతాయి గానీ ఎముక అదే మూడు వరసలది. పేదరికంలో నేర్చిన పొదుపు తర్వాత కలిమిలో కూడా వినబడుతుంది.

ఇక మిరియాల సంగతి చెప్పకపోతే మనవాళ్ళు ఒప్పుకోరు. ఈ ఆట పటం మన భూగోళానికి కాస్త వంకరపోయిన నకలు. రొమాలీ రోము, ఐసిస్ ఈజిప్టు, పోర్టోగా పోర్చుగల్. ఆ పోర్టోగా రాజు ఓడ ఇస్తానంటాడు, ఒక షరతు మీద. తూర్పుకి పోయి మిరియాలు తేవాలి. ఆ తూర్పు ఊరు పేరు బహరత! పక్కన పవిత్రమైన నది. మిరియాల కొట్టు ముసలాయన మనవరాల్ని దొంగలు ఎత్తుకుపోతే విడిపించడానికి బయలుదేరే కుర్రవాడి పేరు జపాన్ మూలంలో గుప్త. కామారెడ్డి కిరాణా కొట్టులో పొట్లం కట్టించుకునే సరుకుకి ఒక రాజు ఓడ రాసిస్తున్నాడని ఎవరైనా నవ్వొచ్చు. కానీ 1498లో వాస్కో ద గామా కాలికట్ దాకా వచ్చింది దేనికి? హోరీ చరిత్రపాఠం చెప్పలేదు, ఒక బేరం పెట్టాడు. పిల్లవాడికి ఆ బేరం గుర్తుండిపోతుంది. కొత్త ఆట కూడా ఆ ఘట్టంలో వివరణ జొప్పించకుండా బేరాన్ని బేరంగానే వదిలింది.

ఇంకో తూర్పు పేరు కూడా ఉంది. వృత్తి మార్చుకునే గుడిని జపాన్‌లో దామా ఆలయం అంటారు. నా చెవికి అందులో 'ధర్మ' వినిపిస్తుంది. 20వ లెవెల్ చేరాక అక్కడికి పోతే యోధుడు మంత్రగాడు కావచ్చు. అయితే మళ్ళీ 1 నుంచి మొదలు, ఒంట్లో బలం సగానికి సగం పోతుంది, నేర్చిన విద్య మాత్రం పోదు. అన్నిటికన్నా పైమెట్టు జ్ఞాని. జ్ఞాని కావాలంటే ఒక అరుదైన గ్రంథం దొరకాలి. ఒక్కడికి మాత్రం ఆ గ్రంథం అక్కర్లేదు. యుద్ధం మధ్యలో జోకులేసి, పడుకుని, పని చెడగొట్టే విదూషకుడు 20వ మెట్టు దాకా అలాగే తట్టుకుని వస్తే చాలు, నేరుగా జ్ఞాని అవుతాడు. మా వైపు చిందు భాగోతంలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్‌ని చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. రాజుని మొహం మీదే ఆటపట్టించగలిగేవాడు అతనొక్కడే. కొత్త ఆటవాళ్ళు ఈ హాస్యాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే చేయి నరకాలి.

పునర్నిర్మాణం అంటే నాకు ముందు గుర్తొచ్చేది దోమకొండ గడి. కామారెడ్డికి దగ్గర్లోనే. దాని మరమ్మతుకి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. పాత సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక గోడ ఉబ్బి రాలుతుంది. పాతదానికి పాత సున్నమే పట్టాలి. ఆట సంగతి వేరు. కొత్త ఆటలో పాత ఇటుక ఒక్కటీ లేదు, అంతా కొత్తగా రాసిందే. పాత క్యాసెట్ చెక్కుచెదరకుండా ఉంది. పాడు చేస్తారన్న భయం లేదు. ఆ లెక్కన ఇది గడి మరమ్మతు కంటే భాగోతం మేళానికే దగ్గర. కథ పాతదే, ఈ రాత్రి ఆట కొత్తది. అయినా ఇంత జాగ్రత్త ఎందుకంటే, చూసేవాళ్ళలో సగం మందికి ప్రతి మాటా కంఠతా వచ్చు.

ఇప్పుడు పేచీ. ఒర్టేగా ప్రయాణాన్ని చూపించే ఘట్టాలు విడివిడిగా బాగున్నాయి. కానీ పాత ఆటలో తండ్రి అంటే ఊళ్ళల్లో జనం చెప్పుకునే మాట. ఒక ఊళ్ళో ఇటు వెళ్ళాడంటారు, ఇంకో ఊళ్ళో చూశామంటారు. ఆ మాటల వెంట పోయిపోయి చివర్లో మనిషి కళ్ళబడితే, ఆయన చూపు పోయి, ఎదుట ఉన్నది కొడుకని ఎరగకుండానే కొడుక్కి కబురు చెప్పమని కన్నుమూస్తాడు. దారంతా ముందే చూపించేస్తే ఆ కలయికలో బరువు కొంత తగ్గింది. ఎటు పోవాలో చూపే గుర్తులు కూడా అంతే. అవి ఆపేసుకోవచ్చు కాబట్టి మన్నించాను. కొత్తగా చేర్చిన రాక్షసుల్ని మచ్చిక చేసే వృత్తి మరీ బలంగా ఉంది. ఊరూరా తిరిగి రాక్షసుల్ని పోగేస్తే ఒక్క దెబ్బకి పెద్ద పెద్ద శత్రువులు కూలతారు, తూకం తప్పింది. పటాన్ని విశాలం చేసి నడక పెంచి, అడుగడుక్కీ చాటుదాడులు అలాగే ఉంచడం కూడా కొన్నిచోట్ల విసుగే. బస్సు గతుకుల్లో ఇంకా విసుగు.

ముగింపు చెప్పేస్తున్నానని కోప్పడకండి, 1988 నాటి పాత కథ. 16వ పుట్టినరోజున తల్లి నిద్రలేపి కోట దాకా దిగబెట్టిన పిల్లవాడు, కింది లోకంలో జోమా అనే అసలు దుష్టుణ్ణి చంపుతాడు. ఆ దెబ్బతో రెండు లోకాల మధ్య దారి మూసుకుపోతుంది. 1988 ఆటలో ఇక అంతే. అతను కింది లోకపు ఇతిహాసం అవుతాడు, మొదటి రెండు ఆటల్లో అందరూ తలుచుకునే పూర్వవీరుడు ఇతనేనని అప్పుడు తెలుస్తుంది. పైలోకంలో తల్లి సంగతి ఎవరూ మాట్లాడరు. 1996 నుంచి వచ్చిన ఆటల్లో ముగిసిన తర్వాత కూడా కొంత ఆట పెట్టారు, మళ్ళీ పైకి వెళ్ళొచ్చు.

వెళ్ళాను. ఎల్లారెడ్డి బస్టాండ్ ఇంకా రాలేదు. ఆటలో రాత్రి, మొదట బయలుదేరిన ఊరు ఆలియహాన్ వీధిలో మా ఇంటి కిటికీలో దీపం ఉంది. ఈ లోకంలో ఏ సత్రంలో పడుకున్నా డబ్బు కట్టాలి. అమ్మ ఎప్పటిలాగే పడుకోమంది, డబ్బు అడగలేదు.