ఆదివారం ప్రసంగం, మరియమ్మ పాట

చిన్నప్పుడు మా ఊళ్లో ఆదివారం పూజ అయ్యాక అసలు ప్రసంగం ఇంటికెళ్లే దారిలో మొదలయ్యేది. చెప్పేది అమ్మమ్మ. ద్రాక్షతోట కూలీల కథ చదివిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున్నే పనిలోకి దిగినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఫాదర్‌గారు దేవుడి కృప గురించి నాలుగు మాటలు, అసూయ పడకూడదని రెండు మాటలు చెప్పి ముగించారు. మిరపకాయల కోతకి వెళ్లే అమ్మమ్మ మాత్రం, "సాయంత్రం దాకా ఎవురూ పిలవనోడు ఎవురై ఉంటాడే? ముసలోడో, జబ్బు మడిసో. ఆడింట్లో మాత్రం పొయ్యి వెలగొద్దా?" అంది. ఆ కథ మీద అంతకంటే మంచి విమర్శ నాకింకా దొరకలేదు.

ఇప్పుడు గుడికి వెళ్లడం తక్కువే. ఆదివారం పఠనాల మీద ధ్యానాలు మాత్రం చదువుతూనే ఉంటాను. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో శనివారం రాత్రికే వచ్చేస్తాయి. వాటిని భక్తి సాహిత్యం అని పక్కన పెట్టేస్తాం గానీ, నిజానికి అవి విమర్శ. ఒక పాఠాన్ని వారం వారం ఇంతమంది కలిసి చదివి, దాని మీద వ్యాఖ్యానం వినే చోటు మనకింకోటి ఉందా? అందుకే వాటి మీద నాకు కోపం. మొదటి పఠనం, లేఖ, సువిశేషం మూడింటినీ ఒక దారానికి గుచ్చుతారు, మధ్యలో ఓ పిట్టకథ, చివర్లో 'ఈ వారం మనం' అంటూ ఓ తీర్మానం. ఏ భాగమిచ్చినా తేలేది వినయం, క్షమ, ప్రార్థన. జవాబు ముందే ఉంది, పాఠం దానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టుంటుంది.

పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నది కూడా వ్యాఖ్యానమే. రెండవ వాటికన్ మహాసభ తర్వాత, 1969లో వచ్చిన పఠనాల పట్టిక మూడేళ్ల చక్రం. ఎ సంవత్సరం మత్తయి, బి మార్కు, సి లూకా. సి సంవత్సరంలో ఆగమన కాలం నాలుగో ఆదివారం, మరియమ్మ తన బంధువు ఎలిజబెత్తు ఇంటికి వెళ్లే ఘట్టం చదువుతారు. లూకా మొదటి అధ్యాయం, 39 నుంచి 45 దాకా. అక్కడితో ఆపేస్తారు. 46వ వచనంలోనే మరియమ్మ నోరు విప్పి పాడటం మొదలుపెడుతుంది. బి సంవత్సరం ఆగమన కాలం మూడో ఆదివారం ఆ పాటనే కీర్తనగా పాడిస్తారు కానీ 51, 52 వచనాలుండవు. అంటే గర్విష్ఠుల్ని చెదరగొట్టేవి, బలవంతుల్ని గద్దె దించేవి.

ఇది కుట్ర అని నేననను. పూర్తి పాట సాయంకాల ప్రార్థనలో రోజూ ఉంటుంది. ఆగస్టు 15న మరియమ్మ మోక్షారోపణ పండగకీ చదువుతారు. మన దగ్గర అదే రోజు పూజ అయ్యాక జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుతారు కాబట్టి, గద్దెలు దిగే సంగతి ఎవరికీ చెవికెక్కదు, అది వేరే విషయం.

గద్దెల గురించిన ఆ మాటల్ని కొందరు ఎలా విన్నారో ఒక పుస్తకంలో ఉంది. నికరాగువా సరస్సులోని సోలెంతినామె దీవుల్లో, సొమోసా కుటుంబ నియంతృత్వం కింద జరిగిన ఆదివారాలవి. కవి, గురువు ఎర్నెస్టో కార్డెనల్ అక్కడ ప్రసంగం చెప్పడం మానేశాడు. చదవగలిగినవాళ్ల చేతికి ప్రతులిచ్చి, భాగం మొత్తం ఒకరితో పైకి చదివించి, వచనం తర్వాత వచనం రైతులతో, జాలర్లతో మాట్లాడించాడు. ఆ మాటల్ని టేప్ చేసి పుస్తకం వేశాడు: 'సోలెంతినామెలో సువిశేషం'. డోనాల్డ్ వాల్ష్ ఇంగ్లిష్ అనువాదం నాలుగు సంపుటాలు.

మరియమ్మ పాట మీద చర్చే చూడండి. పెద్ద సొమోసా కాలంలో అతనికే ఓటేశామని రుజువు చూపే కాగితం రైతులు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సి వచ్చేదట. ఈ పాటని జనం తాయెత్తులా వెంట ఉంచుకునేవాళ్లు కాబట్టి, ఆ కాగితానికీ వేళాకోళంగా పాట పేరే పెట్టారు. హేరోదు ఈ పాట వింటే ఏమనేవాడని కార్డెనల్ అడుగుతాడు. ఒకామె నవ్వి, పిచ్చిదనేవాడంటుంది. ఇంకొకామె కమ్యూనిస్టు అనేవాడంటుంది. అనడమేంటి, ఆమె కమ్యూనిస్టే అంటాడు లౌరెయానో అనే కుర్రాడు. పట్టికలో కత్తెర పడ్డ వచనాలు ఇక్కడ జనం నోట్లో నానుతున్నాయి.

పుస్తకంలో లోపాల్లేవని కాదు. ఏకబిగిన చదివితే విసుగొస్తుంది. లౌరెయానోకి ప్రతి వచనంలోనూ విప్లవమే కనిపిస్తుంది. ముందే సిద్ధమైన జవాబు అన్న నా ఫిర్యాదు ఇతనికీ వర్తిస్తుంది. కార్డెనల్ కూడా తక్కువ తినలేదు. వింటున్నట్టే ఉండి, చర్చ పక్కకి పోయినప్పుడు సుతారంగా తనకి కావాల్సిన వైపు తిప్పుతాడు. ఏం అచ్చేశాడో తెలుసు, టేపులో ఏం వదిలేశాడో మనకెలా తెలుస్తుంది? కత్తెర అతని చేతిలోనూ ఉంది కదా. అయినా ఒక తేడా ఉంది. పాంచో అనే ఆయన ఆ గుంపులో సంప్రదాయవాది. ఆయన అడ్డం చెబుతాడు. ఆ అడ్డు మాట కూడా అచ్చయింది. ఏ ఆదివారం ధ్యానంలోనైనా ఒప్పుకోని మనిషి ఒక్కడైనా కనిపించాడా మీకు?

మొదటిసారి చదివినప్పుడు లౌరెయానో మాటలకి మార్జిన్‌లో 'మళ్లీనా?' అని పెన్సిల్‌తో రాసుకున్నాను. 1977 అక్టోబర్‌లో ఆ చర్చల్లో కూర్చున్న కుర్రాళ్లు కొందరు సాన్ కార్లోస్ సైనిక స్థావరం మీద దాడికి వెళ్లారు. ఎల్బిస్, డోనాల్డ్ తిరిగి రాలేదు. సొమోసా నేషనల్ గార్డ్ సోలెంతినామె సమాజాన్ని ధ్వంసం చేసింది. రెండోసారి చదివినప్పుడు ఆ 'మళ్లీనా' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చెరపలేదు. వాళ్లు చదివింది సరైన అర్థమేనా అన్న నా సందేహం ఇంకా అలాగే ఉంది. కానీ ఆ సందేహాన్ని నేను కుర్చీలో కూర్చుని పెన్సిల్‌తో రాసుకున్నాను.