స్లాట్ తలూపితే చాలదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కేటప్పుడు నా చేతిలో ఉన్నది 2012 నాటి డెల్ ఆప్టిప్లెక్స్ 7010 కంప్యూటర్. ఏదో ఆఫీసు వాడి వదిలేస్తే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మా మేనకోడలు పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది. త్రీడీ డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూస్తుంటే తెర ఆగి ఆగి కదులుతోందని, గ్రాఫిక్స్ కార్డు వేయించడానికి బయల్దేరాను. ఏ కార్డు కావాలో కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను. అక్కడి మెకానిక్ ఆ కాగితం అందుకోలేదు. "కార్డు సంగతి తర్వాత సార్, ముందు డబ్బా చూడనివ్వండి" అన్నాడు.

మూత తీయగానే నా చూపు కార్డు కూర్చునే స్లాట్ మీదికే వెళ్లింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నిజంగా గొప్ప పనితనం. 2003లో ఖరారైన ఆ పద్ధతిలో పాత బోర్డుకూ కొత్త కార్డుకూ మాట కలిసే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. స్విచ్ వేయగానే రెండూ అన్నిటికన్నా తక్కువ వేగంతో పలకరించుకుంటాయి. డేటా నడిచే దారులు, అంటే లేన్లు, నీకెన్ని, నాకెన్ని అని తేల్చుకుని, ఇద్దరికీ చేతనైన వేగానికి చేరతాయి. గాడి మధ్యలో చిన్న అడ్డు ఉంటుంది. దానికి ఒకవైపున్న పొట్టి ముక్కలోంచే కార్డుకు కరెంటు వస్తుంది, రెండోవైపు పొడుగు ముక్కలో డేటా నడుస్తుంది. తరాలు మారినా ఆ గాడి మారలేదు. అందుకే స్లాట్‌లో కూర్చుంటే పనిచేసినట్టేనని నేను ధీమాగా ఉన్నాను. కానీ స్లాట్ అన్నిటికీ తలూపుతుంది, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఊపదు.

అతను మొదట చూసింది ఎస్‌ఎంపీఎస్‌నే. ఫోన్ టార్చి వేసి, స్టిక్కర్ మీద పెద్దగా ఉన్న 240 వాట్ల అంకెను దాటేసి, పన్నెండు వోల్టుల వరుస మీద వేలు పెట్టాడు. కార్డు తినేది అక్కడినుంచే. తర్వాత వైర్ల కట్టను విప్పి ఒక్కొక్కటీ చివరిదాకా తడిమాడు. కార్డుకు అదనపు కరెంటిచ్చే ఆరు పిన్నుల వైరు లేదు. స్లాట్ నుంచి నిబంధన ప్రకారం 75 వాట్లకు మించి లాగకూడదు. ఆరు పిన్నుల వైరుంటే మరో 75, ఎనిమిది పిన్నులదైతే 150. నా కాగితంలోని కార్డుకు ఆ వైరు లేనిదే కుదరదు. సాటా వైరు నుంచి కన్వర్టర్ వేయొచ్చుగా అని అడిగాను. అతను హార్డ్‌డిస్క్ వైరు ఊడదీసి నా కళ్లముందు పెట్టాడు. వెంట్రుకల్లాంటి పిన్నులు. పన్నెండు వోల్టులకు అందులో ఉన్నవి మూడే, అన్నీ కలిపి మోయగలిగింది 54 వాట్లు. "దీని మీద 75 మోపితే ప్లాస్టిక్ కరుగుతుంది సార్." అమ్ముకునే అవకాశాన్ని అంత తేలిగ్గా వదులుకున్న ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టింది.

స్టీలు స్కేలుతో ఎత్తు కొలిచాడు. ఈ సన్న క్యాబినెట్‌లో 69 మిల్లీమీటర్ల పొట్టి కార్డే పడుతుంది. ప్రాసెసర్ ఏదని కూడా చూశాడు, కోర్ ఐ5 3470. గ్రాఫిక్స్ కార్డుకూ దీనికీ ఏం సంబంధమనిపించింది. ఈ బోర్డులో ఆ స్లాట్ వేగం ప్రాసెసర్ చేతిలోనే ఉంటుందట. ఇదే బోర్డులో రెండో తరం ప్రాసెసర్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 దగ్గరే ఆగిపోతుంది, మూడో తరానిదైతే 3.0 అందుతుంది.

అప్పుడు గానీ అతని నోట కార్డు పేరు రాలేదు. జీటీ 1030. 30 వాట్లు, అదనపు వైరు అక్కర్లేదు. "వీడియో ఎడిటింగ్‌కైతే వద్దనేవాణ్ణి, ఇందులో వీడియో ఎన్‌కోడ్ చేసే భాగం లేదు" అని ముందే చెప్పాడు. పెట్టె తిప్పి వెనకున్న చిన్నక్షరాలు చదివాడు. ఈ పేరుతోనే రెండు రకాలున్నాయి. 2017లో వచ్చినదాంట్లో జీడీడీఆర్5 మెమరీ, సెకనుకు 48 గిగాబైట్లు. మరుసటేడు వచ్చిన డీడీఆర్4 రకం 17 కూడా దాటదు. పేరు చూసి కొంటే మోసపోయే చోటు ఇదే. ఇక్కడ అతను తొందరపడలేదు, నన్నూ తొందరపడనివ్వలేదు.

మానిటర్ వెనక భాగం ఫోటో అడిగాడు. నాది పాత వీజీఏ. కార్డు మీదున్న డీవీఐ గాడిలో అడ్డ చీలిక చుట్టూ నాలుగు రంధ్రాలు లేవు కాబట్టి, మామూలు వీజీఏ అడాప్టర్ దానికి పనికిరాదని చూపించి, హెచ్‌డీఎంఐ నుంచి మార్చే కన్వర్టర్ ఇచ్చాడు. బయాస్ తాజా చేశాకే కార్డు పెట్టాడు. స్లాట్ కొక్కెం టక్కుమనేదాకా రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాడు.

తెర వెలిగింది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిస్తే లింకు 1.1 అని చూపించింది. నా గుండె జారింది. పనిలేనప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుంటుందంటూ అతను పక్కనే ఉన్న ప్రశ్నార్థకం నొక్కి చిన్న పరీక్ష నడిపాడు. అంకె 3.0కి మారింది. లేన్లు నాలుగే, ఈ కార్డుకున్నవి అన్నే. పొట్టిది బిగించడానికి కార్డు నుంచి విప్పిన పొడుగు బ్రాకెట్‌ను, దాని రెండు స్క్రూలతో సహా చిన్న కవర్లో వేసి నాకిచ్చాడు. రేపు పెద్ద క్యాబినెట్ కొంటే అదే కావాలట.