బుగ్గ దారిన బండ్లు

ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు ఈ వారం ఫోను చేసి నన్ను చాలా సంతోషపెట్టాడు. శని, ఆదివారాలు ఒక కారవాన్ క్లబ్బు వాళ్లతో పచ్చిక మైదానంలో గడిపి వచ్చాడట. కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, అందులోనే పడక, పొయ్యి. తాగే నీళ్లు మాత్రం కుళాయి దగ్గర పీపాకు పట్టుకుని నేల మీద దొర్లించుకుంటూ తెచ్చుకోవాలి. "మామా, నువ్వు చెప్పే బుగ్గ జాతర బండ్ల లెక్కనే ఉంది. ఎడ్లు లేవు, అంతే" అన్నాడు.

ఎడ్లు కాకపోయినా, అక్కడ మొదట గుర్రాలుండేవి. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు 'వాండరర్' అనే పెద్ద బండి చేయించుకుని, గుర్రాలు కట్టి ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా విహారంగా వెళ్లాడు. ఆ ముచ్చట నలుగురికీ అంటుకుని 1907 నాటికి కారవాన్ క్లబ్బు పుట్టింది. మన నేలకు బిడారు ఇంకా పాత చుట్టం. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, పది పన్నెండు వేల ఎడ్లు ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సాగే బంజారాల బిడార్ల గురించి రాశాడు. అవి పొట్టకూటి ప్రయాణాలు. సంబరం కోసం ఇల్లు కదిలించుకుని పోవడమంటే మా ఊరు శేరిగూడ వాళ్లకు బుగ్గ జాతరే.

మంచాల మండలం ఆరుట్ల దగ్గర బుగ్గ రామలింగేశ్వరుడి జాతర కార్తీక పౌర్ణమికి మొదలవుతుంది. మా ఊరి నుంచి ఇబ్రహీంపట్నం దాటి, మంచాల మీదుగా, గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల ఎడ్ల నడకన పూట ప్రయాణం. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు: దారి చూడని ప్రయాణాన్ని నేను ప్రయాణం అనను. ఇవాళ సాగర్ రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు ఇబ్రహీంపట్నం చెరువు ఒక తళుకు. ఎడ్లబండిలో పోయేవాళ్లకు దాని కట్ట, తూము, ఆయకట్టు, కోతకొచ్చిన వరి వాసన అన్నీ అందేవి.

తయారీ వారం ముందే మొదలయ్యేది. వడ్రంగి వచ్చి చక్రం ఆకులు కదులుతున్నాయేమో తట్టి చూసేవాడు. ఇనుప పట్టా వదులైతే కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు గుమ్మరించేవాడు. సుయ్యిమంటూ ఇనుము ముడుచుకుని కర్రను గట్టిగా పట్టేది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసేవాళ్లు. దాన్ని ఇరుసుకు పట్టించకపోతే బండి మూలుగు ఎడ్ల మెడ మీద పడుతుందని మా నాయన అనేవాడు. వెదురు దబ్బలు వంచి పైన గోనెపట్టాలు కుట్టి, లోపల గడ్డి పరిచి దాని మీద బొంత వేస్తే మాకదే మేడ. ఎడ్ల మెడకు గంటల పట్టెడలు. దారి ఎరిగిన ముసలి జత ముందు, బెదిరే కోడెలు నడుమ. చీకటి పడితే ఇరుసు కింద లాంతరు వేలాడేది.

బుగ్గ చేరాక బండి పక్కన బండి ఆపి, నొగలు దించి, ఎడ్లను చక్రాలకు కట్టేసి మేత వేసేవాళ్లు. ఒక బండి పొయ్యి మీద ఉడికిన పప్పు ఇంకో బండిలోకి నడిచిపోయేది.

మా వాడికి అక్కడ నచ్చనిది ఒక్కటే. బండికీ బండికీ మధ్య ఆరు మీటర్లు వదలాలి. నిప్పంటుకుంటే పక్కదానికి పాకకూడదని ఆ నియమం. "పలకరించాలన్నా లేచిపోవాలె మామా" అన్నాడు. వాడితో నేనూ గట్టిగా ఏకీభవించాను. ఒకరి పొగ ఇంకొకరి కంట్లో పడేంత దగ్గరగా ఉండడమే జాతర అని ఈ కాలమ్ నింపడానికి కూర్చున్నాను.

అయితే బుగ్గలో దిగిన మా బండ్ల వరసను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ పోతే చివరి బండి కళ్లకు కట్టింది. పటేళ్ల బండ్లు నీటి బుగ్గకు దగ్గరగా, ఎగువన. తర్వాత కాపుల బండ్లు. ఆ తర్వాత మిగిలిన కులాలవి. మాదిగవాడ నుంచి వచ్చిన ఒకటి రెండు బండ్లు దిగువన, చెట్ల అవతల. మా ఎడ్ల మెడలో మోగిన ప్రతి పట్టెడా, కాడికి బిగించిన ప్రతి తోలు వారూ వాళ్ల చేతుల్లో తయారైనవే. పప్పు గిన్నె అంతదూరం ఎప్పుడూ నడవలేదు. వాళ్లకూ మాకూ మధ్య వదిలిన జాగా ఎన్ని మీటర్లో ఎవరూ కొలవలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇక మా అమ్మ, పెద్దమ్మలు ఇంట్లో లాగే బుగ్గలోనూ పొయ్యి దగ్గరే ఉండేవాళ్లు. జాతర చూసిన మగవాళ్లు ఎన్నో కథలు చెప్పేవాళ్లు. మా అమ్మ జాతర కథ చెప్పగా నేను వినలేదు.

మా మేనల్లుడికి మళ్లీ ఫోను చేసి, ఆ మైదానంలో ఎవరి చోటు ఎవరు నిర్ణయిస్తారని అడిగాను. నంబరు వేసిన మేకు పాతి ఉంటుంది, ముందొచ్చినవాళ్లు తమకు నచ్చినది ఎంచుకుంటారు అన్నాడు. డాక్టరు పక్కన బస్సు డ్రైవరు, ఆ పక్కన మనవాడు. అందరికీ అదే ఆరు మీటర్లు. వంట ఆ రోజు మా వాడిదే. నాకు ఆ మేకు మీద గౌరవం కలిగింది. మా బండ్ల దగ్గరితనం మీద నాకున్న ప్రేమ పోలేదు. కానీ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మేకునే ఎంచుకుంటాను.

శేరిగూడలో ఇప్పుడు బండ్లు లేవు, కాలేజీలు, వెంచర్లు ఉన్నాయి. బుగ్గ మాత్రం ఉంది. ఈ కార్తీకంలో ట్రాక్టర్లు, కార్లు, ట్రాలీ ఆటోలు కట్టుకుని అన్ని వాడలవాళ్లం కలిసి పోదామని ఊళ్లో మాట కదిపాను. దిగే చోట్లకు చీటీలు వేద్దామన్నాను, మొదటి రాత్రి వంట మగవాళ్లదన్నాను. చీటీలకు ఇద్దరు పెద్దవాళ్లు ముఖం ముడిచారు. వంటకు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. పౌర్ణమికి ఇంకా టైముంది, మళ్లీ అడుగుతాను.