కిరాతుడి వేషం, తిన్నడి కన్ను

కొండపల్లి బొమ్మకు కర్ర అడవిలోని తెల్ల పొణికి. దశావతారాలు చెక్కినా, తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చెక్కినా కర్ర ఒకటే. రూపం చెక్కేవాడి చేతిలో ఉంది. పాత కథా అంతే.

ఇక్కడి ఖిల్లా రెడ్డిరాజుల కాలం నాటిది. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడు 'హరవిలాసం'లో కిరాతార్జునీయ కథ చెప్పాడు. అడవిపంది నాదంటే నాదని అర్జునుడికీ కిరాతుడికీ తగవు. పోరులో గెలిచింది కిరాతుడే. అర్జునుడు మొక్కింది మాత్రం శివుడికి. మన రూపం దేవుడికి వేషంగా పనికొచ్చింది. వేషం తీశాక ఆ అడవిలో మన జాడ లేదు.

16వ శతాబ్దపు ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో తిన్నడిది వేషం కాదు. అతను నిజంగా వేటగాడే. అతనికి ఊరుంది, తల్లిదండ్రులున్నారు. తాను తినే మాంసమే దేవుడికి పెట్టాడు. అందుకే ధూర్జటి మాకు దగ్గరివాడు. అయినా ఆ భక్తిని పూజారి నమ్మడానికి తిన్నడి కన్ను కావలసివచ్చింది. శివుడు చూపు తిరిగి ఇచ్చాడు, నిజమే. పూజారి భక్తికి మాత్రం ఏ రుజువూ అడగలేదు.

తిరగరాసేవాడు ముగింపునూ మార్చగలడు. గ్రీకు పురాణంలో ఓర్ఫియస్ వెనక్కి తిరిగి చూసి భార్యను పోగొట్టుకుంటాడు. మధ్యయుగపు ఇంగ్లీషు కావ్యం 'సర్ ఓర్ఫియో'లో, పేరు తెలియని కవి అతన్ని వించెస్టర్ రాజును చేసి, భార్యను క్షేమంగా ఇల్లు చేర్చాడు.

తిన్నడి కథ మేం చెప్పేనాడు అతని భక్తిని తగ్గించం. కన్ను మాత్రం పెకలించనివ్వం.